ఫ్రిజ్ చల్లబడట్లేదా? గ్యాస్ అయిపోయిందనుకునే ముందు ఇవి చూడండి

ఫ్రిజ్‌లో చల్లదనం తగ్గగానే ఇంట్లో అందరి నోటా వచ్చే మొదటి మాట "గ్యాస్ అయిపోయినట్టుంది" అని. ఫ్రిజ్‌లో గ్యాస్ వంటగ్యాస్‌లా వాడేకొద్దీ ఖర్చయ్యేది కాదండీ. సీలు చేసిన గొట్టాల్లో ఆ కాస్త గ్యాసే ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది. అది తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టు, ఆ లీకు మూయకుండా నింపితే మళ్లీ పోతుంది. కూలింగ్ తగ్గడానికి అంతకంటే మామూలు కారణాలు బోలెడు ఉన్నాయి, చాలావాటిని స్క్రూడ్రైవర్ కూడా పట్టకుండా మీరే కనిపెట్టొచ్చు.

ముందు నిజంగా చల్లబడుతోందో లేదో తేల్చుకోండి. చెయ్యి పెట్టి చూస్తే తెలీదు. ఫ్రిజ్‌కి పనికొచ్చే థర్మామీటర్ ఒకటి (జ్వరం చూసేది కాదు) గ్లాసు నీళ్లలో ఉంచి, మధ్య అరలో రాత్రంతా వదిలేసి, పొద్దున తలుపు తీయగానే చూడండి. 4 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకన్నా తక్కువ ఉంటే ఫ్రిజ్ బాగానే ఉంది. ఫ్రీజర్‌లో అయితే మైనస్ 18 దగ్గర ఉండాలి.

తర్వాత సెట్టింగ్. అంకెలున్న నాబ్ అయితే మామూలుగా పెద్ద అంకె అంటే ఎక్కువ చల్లదనం. డిజిటల్ డిస్‌ప్లేలో కనిపించేవి డిగ్రీలు, అక్కడ చిన్న అంకె పెడితేనే ఎక్కువ చల్లదనం. పాత ఫ్రిజ్ అలవాటుతో కొత్తదాంట్లో 7 పెట్టి, ఎందుకు చల్లబడట్లేదని టెన్షన్ పడేవాళ్లు ఉంటారు. సెట్టింగ్ మార్చాక పూర్తిగా ఒక రోజు ఆగి చూడాలి, గంటకోసారి తలుపు తీసి చూస్తే ఏమీ తేలదు. ఇంకొకటి, కొన్ని డిజిటల్ ఫ్రిజ్‌లకి షోరూమ్ కోసం పెట్టే డెమో మోడ్ ఉంటుంది. అది ఆన్ అయి ఉంటే లైట్లన్నీ వెలుగుతాయి, చల్లదనం మాత్రం రాదు. ఎలా తీయాలో మాన్యువల్‌లో ఉంటుంది.

ఇవి సరిగ్గానే ఉంటే అసలు ప్రశ్నకి రండి. ఫ్రీజర్ బాగానే ఉండి కింద మాత్రమే చల్లగా లేదా, లేక రెండూ పోయాయా? ఈ రెండూ వేరువేరు జబ్బులు. మెకానిక్‌ని పిలిచినా ముందు ఈ సంగతే చెప్పాలి.

ఫ్రీజర్‌లో ఐస్ గట్టిగా ఉండి కింద పాలు పాడవుతున్నాయంటే, చల్లదనం తయారవుతోంది కానీ కిందికి చేరట్లేదు అని అర్థం. చాలా ఫ్రాస్ట్ ఫ్రీ (మంచుని తనంతట తానే కరిగించుకునే) ఫ్రిజ్‌లలో చల్లబరిచే కాయిల్ ఒక్కటే ఉంటుంది, ఫ్రీజర్ వెనక పలక చాటున. ఒక చిన్న ఫ్యాన్ అక్కడి చల్లగాలిని కిందికి తోస్తుంది. కాబట్టి మొదట గాలి వచ్చే రంధ్రాలకి అడ్డంగా గిన్నెలు, కవర్లు కుక్కి ఉన్నాయేమో చూడండి. తర్వాత తలుపు తీసి, ఫ్రేము దగ్గర ఉండే డోర్ స్విచ్‌ని వేలితో నొక్కి పట్టుకోండి. లైటు ఆరిపోవాలి. కంప్రెసర్ (గ్యాస్‌ని గొట్టాల్లో తిప్పే మోటారు) నడుస్తుండగా నొక్కితే చాలా మోడళ్లలో ఫ్యాన్ శబ్దం వినిపించాలి. లైటు ఆరకపోతే తలుపు వేసినా బల్బు లోపల వెలుగుతూ వేడి పెడుతున్నట్టే. కొత్త మోడళ్లలో స్విచ్ బదులు మ్యాగ్నెట్ సెన్సార్ ఉంటుంది, అక్కడ ఈ పరీక్ష కుదరదు.

ఈ కేసులో నేను ఎక్కువగా అనుమానించేది ఆ కాయిల్ మీద పేరుకునే మంచు. మా ఫ్రిజ్‌కి ఇదే వచ్చింది. వచ్చి చూసినాయన గ్యాస్ నింపాలన్నాడు. ఫ్రీజర్ రాయిలా గడ్డకట్టి ఉంటే గ్యాస్ ఎలా పోతుందని నాకు అనిపించి, ఆయన్ని పంపేసి చెవి పెట్టి విన్నాను. వెనక పలక లోపల్నుంచి కరకరమని, ఫ్యాన్ రెక్క దేనికో రాసుకుంటున్న చప్పుడు. పలక మీద కూడా ఒక పక్క తెల్లగా మంచు పేరుకుని ఉంది. సామానంతా తీసేసి, ప్లగ్గు పీకి, తలుపులు రెండూ బార్లా తెరిచి, కింద పాత తువ్వాళ్లు పరిచి 24 గంటలు వదిలేశాను. మధ్యాహ్నానికి లోపల ఐసు పెళ్లలు ఊడి పడే చప్పుడు వినిపించింది. మర్నాడు ప్లగ్గు పెడితే కొత్తదానిలా చల్లబడింది. తొమ్మిదో రోజుకి మళ్లీ పాత కథే. అలా తిరగబెట్టిందంటే ఆ మంచుని ఎప్పటికప్పుడు కరిగించే ఏర్పాటులో, అంటే డిఫ్రాస్ట్ హీటర్, దాని సెన్సార్, టైమర్ లేదా కంట్రోల్ బోర్డులో ఏదో ఒకటి పోయిందని లెక్క. మాకు హీటర్ మార్చాక తగ్గింది. ఒకసారి కరిగించాక మళ్లీ రాకపోతే మాత్రం తలుపు సరిగ్గా పడక తేమ లోపలికి వెళ్లి ఉంటుంది.

ఎంత తొందరున్నా మంచుని కత్తితోనో స్క్రూడ్రైవర్‌తోనో పొడవద్దు, దయచేసి. ఆ మంచు కింద ఉండేది పలచటి గొట్టం, చిన్న చిల్లు పడినా గ్యాసంతా పోతుంది. సింగిల్ డోర్ ఫ్రిజ్ వాడేవాళ్లు ఈ పొరపాటు ఎక్కువ చేస్తారు, ఎందుకంటే వాళ్ల ఫ్రీజర్ గోడే ఆ కాయిల్. మంచు అర సెంటీమీటర్ దాటితే డిఫ్రాస్ట్ బటన్ నొక్కి ఓపిక పట్టండి.

ఇక పైనా కిందా రెండూ వెచ్చగా ఉంటే, ఫ్రిజ్ వెనక అడుగున ఉండే కంప్రెసర్ ఏం చేస్తోందో వినండి. చెయ్యి పెట్టొద్దు, కాలేంత వేడిగా ఉంటుంది, అది మామూలే. అసలు చప్పుడే లేకపోతే అదే సాకెట్‌లో వేరే ఏదైనా పెట్టి కరెంటు వస్తోందో లేదో చూడండి. వస్తుంటే థర్మోస్టాట్ (చల్లదనాన్ని బట్టి కంప్రెసర్‌ని ఆన్, ఆఫ్ చేసేది) నుంచి కంట్రోల్ బోర్డు దాకా ఏదైనా కావచ్చు. కొన్ని సెకన్లు గుమ్మని మూలిగి టిక్కుమని ఆగి, కాసేపటికి మళ్లీ అదే చేస్తుంటే, కంప్రెసర్ స్టార్ట్ అవ్వలేక ఆగిపోతోంది. వోల్టేజీ తక్కువగా ఉండొచ్చు, పాత రకం కంప్రెసర్ అయితే రిలే పోయి ఉండొచ్చు, రిలే అంటే కంప్రెసర్‌ని స్టార్ట్ చేసే చిన్న పార్టే. అలా కొట్టుకుంటూ వదిలేస్తే కంప్రెసరే కాలిపోతుంది, వెంటనే ఆపేయండి. మామూలుగా కూడా ఆపిన ఫ్రిజ్‌ని 5 నిమిషాలు ఆగి ఆన్ చేయడం మంచిది.

ఆగకుండా నడుస్తూనే చల్లబడకపోతే, అది లోపలి వేడిని బయటికి నెట్టలేకపోతోంది, లేదా బయటి వేడి లోపలికి వస్తోంది. వెనకో అడుగునో వేడిని బయటికి వదిలే నల్లటి కండెన్సర్ కాయిల్ కనిపిస్తే ప్లగ్గు తీసి, మెత్తటి బ్రష్‌తో, వ్యాక్యూమ్ క్లీనర్‌తో దుమ్ము దులపండి. కాయిల్ కనిపించకపోతే అది పక్క గోడల్లో ఉండొచ్చు, అందుకే ఆ గోడలు వెచ్చగా ఉంటాయి. వాటిని బీరువాకో గోడకో ఆనించకుండా మాన్యువల్‌లో చెప్పినంత ఖాళీ వదలండి. తలుపు రబ్బరు పట్టు చూడటానికి ఒక కాగితం సగం లోపల, సగం బయట ఉండేలా తలుపు వేసి లాగండి. ఎక్కడైనా పట్టు లేకుండా జారి వస్తే అక్కడ గాలి పోతోంది. చాలాసార్లు సబ్బు నీళ్లతో జిడ్డు కడిగితే చాలు, వంకర పోయినచోట హెయిర్ డ్రయ్యర్‌తో కొంచెం వేడి చేసి సర్దితే కూర్చుంటుంది.

ఇవన్నీ అయ్యాకే గ్యాస్. కంప్రెసర్ ఆగకుండా నడుస్తూ, ఫ్రీజర్‌లోని చల్లబరిచే కాయిల్ అంతటా సమానంగా కాకుండా ఒక మూల మాత్రమే మంచు పడుతుంటే గ్యాస్ తగ్గిందని గట్టి అనుమానం. ఏ గ్యాసో ఫ్రిజ్ మీదున్న లేబుల్‌లో రాసి ఉంటుంది. ఆర్600ఏ అయితే అది ఐసోబ్యూటేన్, మండే గ్యాసు, ఇంట్లో ప్రయోగాలు వద్దు. నింపేవాళ్లని లీకు ఎక్కడో కనిపెట్టారా, వ్యాక్యూమ్ పట్టారా (గొట్టాల్లోని గాలి, తేమ లాగేశారా), తేమని పట్టుకునే ఫిల్టర్ డ్రయ్యర్ మార్చారా అని అడగండి.

ఈ లోపు పాలు, మాంసం, వండినవి 4 డిగ్రీల కంటే పైన 2 గంటలు దాటి ఉండిపోతే పారేయడమే మంచిది, వాసన బాగుంది కదా అని నమ్మొద్దు. మెకానిక్ ఆ రోజే వస్తానంటే మంచు కరిగించకండి. అది ఎక్కడ, ఎలా పేరుకుందో చూస్తేనే ఆయనకి జబ్బు తెలుస్తుంది. కరిగించక తప్పకపోతే ముందు ఫోన్‌తో ఒక ఫోటో తీసి పెట్టుకోండి.