ఫిషింగ్ ఈమెయిల్‌తో మోసపోయినవారు ఫిర్యాదు చేసే విధానం

నకిలీ ఈమెయిల్‌తో రహస్య వివరాలు రాబట్టే మోసమే ఫిషింగ్. అలాంటి మెయిల్‌లోని లింకు నొక్కి, పాస్‌వర్డో ఓటీపీయో ఇచ్చేసి, ఖాతాలో డబ్బు పోయిందని గ్రహించినవారు మొదట చేయవలసింది ఆన్‌లైన్ ఫారం నింపడం కాదు, 1930 నంబరుకు ఫోన్ చేయడం. కేంద్ర హోం మంత్రిత్వ శాఖ ఏర్పాటు చేసిన ఈ హెల్ప్‌లైన్‌కు అందిన సమాచారం సంబంధిత బ్యాంకుకు చేరుతుంది. సొమ్ము అప్పటికే మరో బ్యాంకుకు మళ్లి ఉంటే అక్కడికీ వెళుతుంది. ఎక్కడ మిగిలి ఉంటే అక్కడ దాన్ని నిలిపివేస్తారు. మోసగాళ్లు నిమిషాల్లో డబ్బును ఖాతాలు మార్చేస్తారు కాబట్టి, ఇంట్లోవాళ్లు ఏమంటారోనన్న బిడియంతో ఒక పూట ఆగడం కూడా చాలా నష్టం చేస్తుంది. మోసపోవడం మీ తప్పు కాదు, దయచేసి ఆగకండి.

అదే సమయంలో బ్యాంకుకూ తెలియజేసి, కార్డును, నెట్ బ్యాంకింగ్‌ను ఆపించాలి. బ్యాంకు నంబరు కోసం ఇంటర్నెట్‌లో వెతకవద్దు, అక్కడ నకిలీ నంబర్లు ఉంటాయి. కార్డు వెనుక ముద్రించిన నంబరునే వాడండి. రిజర్వు బ్యాంకు 2017 జూలైలో జారీ చేసిన ఆదేశాల ప్రకారం, ఖాతాదారు తానే వివరాలు ఇచ్చి ఉంటే బ్యాంకుకు తెలిపేంతవరకు జరిగిన నష్టం ఆయనదే, తెలిపిన తరువాత జరిగేది బ్యాంకుది. అందువల్ల ఫిర్యాదు సంఖ్యను, సమయాన్ని తప్పక రాసిపెట్టుకోవాలి.

1930కి ఫోన్ చేసినవారికి ఎస్సెమ్మెస్‌లో రసీదు సంఖ్య వస్తుంది. దాని ఆధారంగా 24 గంటల్లోపు జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో, అంటే సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో (cybercrime.gov.in), పూర్తి వివరాలు నమోదు చేయాలి. చిరునామాను స్వయంగా టైపు చేయండి, ఎవరో పంపిన లింకు ద్వారా వెళ్లకండి. బ్యాంకు పేరు, 12 అంకెల లావాదేవీ సంఖ్య, తేదీ, పోయిన మొత్తం, గుర్తింపు పత్రం కాపీ దగ్గర ఉంచుకోవాలి. జరిగినదాన్ని కనీసం 200 అక్షరాల్లో, ప్రత్యేక చిహ్నాలు లేకుండా రాయాలి. మెయిల్ ఎప్పుడు వచ్చింది, ఏమని నమ్మించింది, మీరు ఏ వివరాలు ఇచ్చారు అన్న వరుసలో రాస్తే దర్యాప్తు అధికారికి పని సులువవుతుంది. ఆ మెయిల్‌ను మాత్రం తొలగించవద్దు. అది ఏ సర్వర్ల మీదుగా వచ్చిందో తెలిపే హెడర్ అసలు ప్రతిలోనే పూర్తిగా ఉంటుంది, స్క్రీన్‌షాట్‌లో అది కనిపించదు.

డబ్బు పోకపోయినా, ఆధార్, పాన్ వివరాలు మాత్రమే చేజారినా ఫిర్యాదు చేయవచ్చు. ఇతరుల పాస్‌వర్డును, గుర్తింపు వివరాలను మోసపూరితంగా వాడడం సమాచార సాంకేతిక (ఐటీ) చట్టం 66సి సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించదగిన నేరం. వివరాలు చేజారినవారు ఆధార్ బయోమెట్రిక్‌ను (వేలిముద్రలు, కనుపాప వంటి గుర్తులను) లాక్ చేసుకుని, తమ పేరిట ఎన్ని సిమ్‌లు ఉన్నాయో కేంద్ర టెలికాం శాఖ వెబ్‌సైట్ సంచార్ సాథీలో చూసుకోవాలి. తెలియని అప్పు ఏదైనా తమ పేరిట పుట్టిందేమో, ఒకరి అప్పుల వివరాలన్నీ ఉండే క్రెడిట్ నివేదికలో బయటపడుతుంది. ఒక్కో క్రెడిట్ సమాచార సంస్థ ఏడాదికి ఒకసారి దాన్ని ఉచితంగా ఇవ్వాలి.

పోర్టల్‌లో ఫిర్యాదుకు రుసుము లేదు. పోయిన డబ్బు ఇప్పిస్తామంటూ ఎవరైనా రుసుము అడిగితే అదీ మోసమే. ఫిర్యాదు మీ రాష్ట్ర పోలీసులకు చేరుతుంది, దాని స్థితిని రసీదు సంఖ్యతో చూడవచ్చు. నిలిపివేసిన సొమ్మును వెనక్కి ఇప్పించడానికి కోర్టు ఉత్తర్వు అవసరం కావచ్చు గనుక, రసీదును, బ్యాంకుకు రాసిన లేఖ ప్రతిని అప్పటివరకు భద్రపరచాలి.