క్యారవాన్ కిటికీలోంచి వాన నీరు కారుతుంటే ఏం చేయాలి?

హైదరాబాద్‌లో జూన్ వానలు మొదలయ్యాయంటే క్యారవాన్ ఉన్నవాళ్లకు టెన్షనే. కిటికీ కింద ప్లైవుడ్ ఉబ్బుతుంది, పరుపు ముక్కవాసన కొడుతుంది. వెంటనే సిలికాన్ ట్యూబ్ తెచ్చి బయట చుట్టూరా పూసేస్తారు. నన్నడిగితే అది డబ్బు దండగ. అసలు నీటిని ఆపేది కిటికీ ఫ్రేముకూ గోడకూ మధ్య నలిగి ఉండే బ్యూటైల్ టేపు, అంటే రబ్బరులా సాగే జిగురు పట్టీ. ఎండలకు, రోడ్డు కుదుపులకు అది పట్టు వదిలేస్తే పైన ఎంత పూసినా నీళ్లు ఇంకో సందు వెతుక్కుంటాయి.

కిటికీ ఊడదీసే ముందు ఫ్రేము కింది అంచున చిన్న రంధ్రాలున్నాయేమో చూడండి. నీరు బయటికి పోవడానికే అవి. మన దుమ్ముకు ఇట్టే పూడుకుపోతాయి, అప్పుడు నీళ్లు లోపలికి పొర్లుతాయి. పుల్లతో పొడిస్తే ఒక్కోసారి అక్కడితోనే సమస్య తీరిపోతుంది.

తీరకపోతే పైపుతో నీళ్లు పట్టండి. కింది అంచు దగ్గర మొదలుపెట్టి మెల్లగా పైకి వెళ్లాలి. లోపల ఒకరు టార్చ్ పట్టుకుని చూడాలి. ఒకేసారి పైనుంచి పోస్తే ఎక్కడ కారుతోందో తెలియదు. పైకప్పు అతుకులోంచి దిగిన నీరు కూడా కిటికీ దగ్గరే బయటపడి మనల్ని తప్పుదారి పట్టిస్తుంది.

తప్పు కిటికీదేనని తేలితే 3 మి.మీ. మందం, 20-25 మి.మీ. వెడల్పున్న బ్యూటైల్ టేపు కొనండి. రాణీగంజ్ హార్డ్‌వేర్ షాపుల్లో అడిగి చూడండి, లేదంటే ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి. పాలియురేథేన్ సీలెంట్ (సందులు మూసే జిగురు), ప్లాస్టిక్ స్క్రేపర్, తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కూడా కావాలి.

చాలా క్యారవాన్లలో లోపలి చట్రం స్క్రూలు విప్పితే కిటికీ బయటికి వస్తుంది. బయట ఒకరు పట్టుకోకపోతే అద్దం నేలపాలే. కొన్నింటికి స్క్రూలు బయటే, రబ్బరు పట్టీ కింద దాగి ఉంటాయి.

ఇక ఓపిక పరీక్షించేది పాత జిగురు. ఫ్రేము మీదా గోడ మీదా ఎక్కడా మిగలకూడదు, ముఖ్యంగా సిలికాన్. దాని పొర మీద ఏదీ అంటుకోదు, కొత్త సిలికాన్‌తో సహా. గీకాక ఆల్కహాల్ గుడ్డతో తుడవండి, కానీ అక్రిలిక్ (ప్లాస్టిక్) అద్దానికి మాత్రం అది తగలనివ్వకండి, పగుళ్లు వస్తాయి. గోడలోని చెక్కను వేలితో నొక్కి చూడండి. మెత్తగా ఉంటే ఆ ముక్క మార్చాలి, లేకపోతే స్క్రూలు పట్టవు. తడిగా ఉంటే పూర్తిగా ఆరాకే తర్వాతి పని.

మే ఎండలో బ్యూటైల్ తీగపాకంలా సాగుతుంది, అందుకే ఈ పని పొద్దున్నే పెట్టుకోండి. టేపును ఫ్రేము అంచుకు, గోడకు ఆనే వైపున, సాగదీయకుండా అంటించాలి. మూలల దగ్గర లాగితే అక్కడే పలచబడి మళ్లీ కారుతుంది. రెండు కొసలు కలిసే చోటు కింది అంచున ఉండాలి.

కిటికీ పెట్టి, స్క్రూలను ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి. డ్రిల్ వద్దు, చేతి స్క్రూడ్రైవరే మేలు. టేపు చుట్టూ సమానంగా బయటికి ఉబికిందంటే సరిగ్గా కూర్చున్నట్టే. మర్నాడు మళ్లీ ఓసారి బిగించి, ఉబికినదాన్ని ప్లాస్టిక్ స్క్రేపర్‌తో కోసేయండి. తర్వాత పైఅంచుకూ రెండు పక్కలకూ సన్నగా సీలెంట్ గీత వేయండి. కింది అంచు మాత్రం వదిలేయాలి, పొరపాటున దూరిన నీటికి అదే దారి.

సీలెంట్ ట్యూబ్ మీద రాసినంతసేపు ఆరనిచ్చి, మళ్లీ పైపు పట్టండి.