బెల్ కొట్టేలోగా అసలు మాట చెప్పేయండి

నా మొదటి కాన్ఫరెన్స్‌లో నాకిచ్చిన టైం 12 నిమిషాలు. నేను పట్టుకెళ్లినవి 34 స్లైడ్లు. వేరుశనగలో తిక్క ఆకుమచ్చ తెగులు మీద మూడేళ్ల పని మరి! పంట విస్తీర్ణం, తెగులు చరిత్ర, ఎవరెవరు ఏం రాశారు అనుకుంటూ 19వ స్లైడ్‌కి వచ్చేసరికి చైర్మన్ గారు బెల్ కొట్టారు. నా ఫలితాలేమో 22 నుంచి. భోజనాల దగ్గర ఒకాయన "మీరు దేని మీద చేశారమ్మా?" అని అడిగారు. ముందు వరుసలో కూర్చుని విన్న మనిషే.

అందుకే ఇప్పుడు జూనియర్లు పీపీటీ చూడమని వస్తే ముందు లాప్‌టాప్ మూయిస్తాను. "ఏం తేలిందే అని మీ అమ్మ ఫోన్లో అడిగితే ఏం చెప్తావు?" అంటాను. "తిక్క తెగులుపై అధ్యయనం" అంటే కుదరదు, అది థీసిస్ అట్ట మీద పేరు. "మచ్చలు ఆకంతా కమ్మాక మందు కొట్టి లాభం లేదు" అన్నారనుకోండి, అదీ మాట. దాన్ని రెండో స్లైడ్‌లోనే పెట్టేయండి. లిటరేచర్‌కి, అంటే ఇదివరకు ఎవరెవరు ఏం రాశారో దానికి, ఒక్క స్లైడ్ చాలు. గైడు గారు ఒప్పుకోకపోతే మిగతావన్నీ థాంక్యూ స్లైడ్ వెనక దాచండి, ఎవరైనా అడిగితే తీయొచ్చు.

థీసిస్‌లోని టేబుల్‌ని ఉన్నదున్నట్టు అతికించకండి. వెనక వరుసకి అది చీమల బారు. తిక్క తెగుల్లో ముందుగా వచ్చే మచ్చ చుట్టూ పసుపు వలయం ఉంటుంది, ఆలస్యంగా వచ్చేది నల్లగా ఉంటుంది. దీన్ని నాలుగు పాయింట్లుగా రాసే బదులు రెండు ఆకుల ఫొటోలు పక్కపక్కన పెట్టండి. గ్రాఫ్ వేయగానే ఫలితంలోకి దూకొద్దు. అడ్డగీత విత్తిన తర్వాతి రోజులు, నిలువుగీత తెగులు శాతం అని చెప్పి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు "ఇక్కడ చూడండి" అనండి. ఎరుపు, ఆకుపచ్చ గీతల తేడా కొందరి కళ్లకి తెలియదు. నీలం, నారింజ వాడండి.

ప్రాక్టీస్ నిలబడి, నోరు విప్పి, ఫోన్లో టైమర్ పెట్టుకుని చేయాలి. మనసులో చదువుకుంటే ఎప్పుడూ టైంకే అయిపోతుంది, అదే మోసం. 12 నిమిషాలిస్తే 10కి సిద్ధం కండి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ 2008లో ఒక పోటీ మొదలుపెట్టింది: పీహెచ్‌డీ మొత్తం 3 నిమిషాల్లో, కదలని ఒకే స్లైడ్‌తో చెప్పాలి. హాస్టల్ గదిలో ఒకసారి అలా చెప్పి చూడండి, ఏది అక్కర్లేదో మీకే తెలుస్తుంది. టెన్షన్ ఎక్కువైతే మొదటి రెండు వాక్యాలు బట్టీ పట్టండి. మిగతాది వద్దు, మధ్యలో మర్చిపోతే అంతా పోతుంది.

అను ఫాంట్లలో కొట్టిన తెలుగు వేరే కంప్యూటర్‌లో పిచ్చిగీతలైపోవచ్చు. యూనికోడ్‌లో టైప్ చేసి, పెన్ డ్రైవ్‌లో పీడీఎఫ్ కూడా ఉంచుకోండి.

ప్రశ్న వస్తే ముందు దాన్ని మీ మాటల్లో తిరిగి చెప్పండి. అర్థమైందో లేదో తేలుతుంది, ఆలోచించుకోడానికి పది సెకన్లూ దొరుకుతాయి. తెలియకపోతే "అది నేను చూడలేదండీ" అనేసి, అక్కడే వాళ్ల ముందే నోట్‌బుక్‌లో రాసుకోండి.