పై వాటా అద్దెకిచ్చారా? జూలై రాకముందే ఈ జాగ్రత్తలు

ఆదాయపు పన్ను రిటర్నుకు గడువు మామూలుగా జూలై 31. అద్దె ఇల్లున్నవారు అంతకంటే ముందు చూసుకోవలసిన తేదీ మార్చి 31. అద్దెలోంచి ఇంటిపన్ను తగ్గించుకోవాలంటే ఆ పన్నును ఆ ఆర్థిక సంవత్సరంలోనే, అదీ ఇంటి యజమానే కట్టి ఉండాలి. మా అమ్మ పై వాటా లెక్క చూస్తూ ఒక ఏడాది ఇక్కడే దెబ్బతిన్నాను. రసీదు మీద ఏప్రిల్ 4 అని ఉంది. నాలుగు రోజుల ఆలస్యానికి ఆ మినహాయింపు మరుసటి ఏడాదికి జరిగిపోయింది. పాత బకాయిలున్నా మార్చిలోనే కట్టేయండి. బకాయి ఏ ఏడాదిదైనా, కట్టిన ఏడాదిలో లెక్కకు వస్తుంది.

నెలకు 15,000 అద్దె అనుకుందాం. ఏడాదికి 1,80,000. ఇంటిపన్ను 6,000 తీసేస్తే 1,74,000. ఇందులో 30 శాతం, అంటే 52,200, చట్టమే వదిలేస్తుంది; ఒక్క బిల్లూ అడగదు. మిగిలిన 1,21,800 మాత్రమే మీ ఆదాయంలో కలుస్తుంది. మీరు మేకు కూడా కొట్టించకపోయినా ఆ 30 శాతం మీదే. రంగులకు, కుళాయిలకు, మోటారుకు లక్ష పోసినా అంతకు మించి రాదు. ఇది తెలియక రంగుల బిల్లులు పదిలంగా దాచుకునేవారు కొందరు. అద్దె మొత్తం మీద పన్ను పడుతుందని భయపడి అసలు చూపించనివారు ఇంకొందరు. నా బెంగ ఈ రెండోవారి గురించే.

ఎందుకంటే అద్దె దాగదు. ఏడాదికి లక్షకు మించి అద్దె కట్టే ఉద్యోగి ఇంటి అద్దె భత్యం మీద మినహాయింపు కోరితే, ఆఫీసులో ఇంటి యజమాని పాన్ నంబరు ఇవ్వాలి. అద్దె నెలకు 50,000 దాటితే అద్దెకున్నవారే 2 శాతం కోసి ప్రభుత్వానికి జమ చేయాలి. మీరు పాన్ ఇవ్వకపోతే ఆ కోత 20 శాతానికి వెళుతుంది. రిటర్ను వేసేముందు ఆదాయపు పన్ను శాఖ వెబ్‌సైటులో మీ వార్షిక సమాచార నివేదిక (ఏఐఎస్) తెరిచి, మీ లెక్కతో సరిచూసుకోండి.

‘కొత్త పన్ను పద్ధతిలో 12 లక్షల దాకా పన్ను లేదు కదా, రిటర్ను ఎందుకు?’ అని పింఛనుదారులు అడుగుతుంటారు. 2025-26లో మొత్తం ఆదాయం 4 లక్షలు దాటితే, చివరికి పన్ను సున్నా అయినా రిటర్ను వేయాలి. ఆ రాయితీ లెక్క చూపించాక వచ్చేదే.

బ్యాంకు అప్పుతో కొన్న ఇల్లయితే వడ్డీ ధ్రువపత్రం ముందే తెచ్చుకోండి. వడ్డీ అద్దెను మించినప్పుడు ఆ నష్టంలో 2 లక్షల దాకా జీతంలోంచి తగ్గించుకునే వీలు పాత పద్ధతిలోనే ఉంది, కొత్తదానిలో లేదు. రెండు విధాలా లెక్క వేసి చూడండి. గడువు దాటితే పాత పద్ధతి ఎంచుకునే అవకాశం పోతుంది.

పిల్లలు అమెరికాలో ఉండి, వారి పేరున ఉన్న హైదరాబాద్ ఫ్లాటు అద్దె నాన్న ఖాతాలో పడే ఇళ్లు మనలో ఎన్నో. డబ్బు ఏ ఖాతాలో పడినా ఆదాయం ఇంటి యజమానిదే. యజమాని ప్రవాసి అయితే అద్దె ఎంత చిన్నదైనా, అద్దెకున్నవారు 30 శాతం, దానిపై సెస్సు కోసి కట్టాలి. కట్టకపోతే చిక్కుల్లో పడేది వారే. కాబట్టి ఒప్పందం రాసుకునే రోజే ఈ సంగతి వారికి చెప్పడం న్యాయం. ఎక్కువ కోసినది రిటర్ను వేసి వెనక్కు తెచ్చుకోవచ్చు.

అడ్వాన్సు తిరిగి ఇవ్వవలసిన సొమ్ము కనుక ఆదాయం కాదు. ఖాళీ చేసేటప్పుడు అందులోంచి అద్దె బాకీ పట్టుకుంటే మాత్రం అది అద్దె కిందికే వస్తుంది. టులెట్ బోర్డు వేలాడిన నెలలకు అద్దె చూపనక్కరలేదు. పాతవారు ఏ రోజు తాళాలిచ్చారో, కొత్తవారు ఏ రోజు పాలు పొంగించారో అద్దె పుస్తకంలో అప్పటికప్పుడే రాసి ఉంచండి.