గడ్డి గులాబి మడి ఉన్నట్టుండి ఎండిపోతుంటే కారణం కనుక్కోవడం ఎలా?

బరంపురం, పర్లాకిమిడి ప్రాంతాల్లో ఇళ్ల ముందు నేలనంటి అల్లుకునే గడ్డి గులాబి, సీడం వంటి కండగల మొక్కలు వేసవి ఎండను తట్టుకుంటాయి గాని, ముసురు పట్టినప్పుడో, 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ వచ్చినట్టు అక్టోబరులో తుపాను వచ్చి వెలిశాకో, మడి మధ్యలో చాపంత మేర ఒక్కసారిగా చచ్చిపోతుంటాయి. వాడిన మొక్కను చూడగానే నీళ్లు పోయాలనిపిస్తుంది. ఆకుల్లోనూ కాండంలోనూ నీటిని దాచుకునే ఈ మొక్కలకు చాలాసార్లు ఆ నీళ్లే చేటు కాబట్టి, కారణం తేలేదాకా నీళ్లు ఆపండి.

ముందుగా చచ్చిన భాగానికీ బతికిన భాగానికీ మధ్య అంచు పొడవునా చిన్న పుల్లలు గుచ్చి, మట్టిలోకి రెండు అంగుళాల లోతున వేలు దించి చూడండి. మట్టి పొడిగా ఉండి ఆకులు ముడతలు పడితే అది దాహమే. మట్టి తడిగా ఉన్నా మొక్క వాడిందంటే వేళ్లో మొదలో పాడైనట్టు.

తర్వాత ఆ అంచు దగ్గర సగం వాడిన మొక్కను మట్టితో సహా పెకలించండి. నడిమధ్య చచ్చిన మొక్కలపై ఏ బూజైనా చేరుతుంది గనుక వాటిని చూసి తేల్చుకోవడం పొరపాటు. మట్టిని తాకే మొదలు చుట్టూ తెల్లని దారాల్లా బూజు అల్లుకుని, అందులో మొదట తెల్లగానూ తర్వాత గోధుమరంగులోనూ ఆవగింజలంత గుండ్లు కనిపిస్తే, అది స్క్లెరోషియం తెగులు. వేరుశనగలో కాండంకుళ్లు తెచ్చేదీ ఈ శిలీంధ్రమే కాబట్టి ఇక్కడి రైతులు చాలామంది దాన్ని చూడగానే గుర్తుపడతారు. బూజు లేకుండా మొదలు నల్లబడి, మెత్తబడి, వేరును చేతివేళ్ల మధ్య పట్టి లాగితే పైతొక్క జారిపోయి సన్నని నార మాత్రమే మిగిలితే, నీరు నిలిచినచోట పెరిగి కుళ్లు తెచ్చే పిథియం, ఫైటోఫ్తోరా వంటి సూక్ష్మజీవులను అనుమానించాలి. వేళ్లపై తెల్లని పిండి, చుట్టూ చీమలు ఉంటే పిండినల్లి. వేళ్లపై బుడిపెలు ఉంటే నులిపురుగులు. వేళ్లు, మొదలు శుభ్రంగా ఉండి ఆకుల కొనలే మాడితే ఎక్కువైన ఎరువునో, గోపాల్‌పూర్ వంటి తీరాల్లో ఉప్పుగాలినో చూడాలి.

కాండాన్ని బ్లేడుతో అడ్డంగా కోయడం తప్పనిసరి. లోపల గోధుమరంగు మచ్చ ఉంటే, కోత శుభ్రంగా వచ్చేదాకా కొనవైపు కోసుకుంటూ పోండి. అక్కడినుంచి పైకొమ్మ బతికే అవకాశం ఉంది గనుక, నీడలో ఒకరోజు ఆరనిచ్చి వేరేచోట పొడి ఇసుకలో నాటండి.

పక్కనే అడుగు లోతు గుంత తీసి నీళ్లు నింపితే, కొన్ని గంటల తర్వాతా నీరు ఇంకకపోతే మురుగు పోయే దారి లేనట్టే. అప్పుడు మడిని ఇసుక కలిపి ఎత్తు చేయకుండా మందులు పోయడం వృథా. స్క్లెరోషియం గుండ్లు మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి కాబట్టి, చచ్చిన మొక్కలను పైమట్టితో సహా తీసెయ్యాలి, ఎరువు గుంతలో వేయకూడదు. ఖాళీ అయినచోట తెగులు శిలీంధ్రాలను అణచే మేలుచేసే శిలీంధ్రం ట్రైకోడెర్మాను బాగా మాగిన పశువుల ఎరువులో కలిపి చల్లండి. పిథియం రకం కుళ్లయితే అంచు వెలుపలి మొక్కల మొదళ్ల దగ్గర లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే రాగి మందు పోయవచ్చు గాని, దాన్నీ ట్రైకోడెర్మానూ ఒకేసారి వాడకండి.

వారం తర్వాత పుల్లల దగ్గరికి వెళ్లి చూడండి. ఎండిపోవడం పుల్లలను దాటి బయటికి పాకితే, కొత్త అంచున మరో మొక్కను పెకలించి మళ్లీ మొదటినుంచి పరీక్షించాలి.