చిన్న దుకాణానికి విజిటింగ్ కార్డు: నంబరు పెద్దగా, మాటలు తక్కువగా

నల్గొండలో మాది చిన్న డీటీపీ సెంటరు. పెళ్లి పత్రికలు, పాంప్లెట్లు, బిల్ బుక్కులు, ఫ్లెక్సీ డిజైన్లు అన్నీ చేస్తాం. వీటన్నిటిలో జనం అతి తక్కువ ఆలోచించి వేయించుకునేది విజిటింగ్ కార్డే. "అక్కా, మంచిగ ఒకటి కొట్టియ్యి" అని నిలబడే చెప్పేసి, చాయ్ తాగొచ్చేలోపు డిజైన్ అయిపోవాలంటారు. అయిపోతుంది కూడా. కానీ ఆ కార్డు చూసి ఎవరైనా ఫోన్ చేస్తారా అన్నది అడగరు.

డిజైన్ మొదలుపెట్టే ముందు నేను అడిగేది ఒకటే: మీ కార్డు ఎవరు, ఎక్కడ నిలబడి, ఏ అవసరంలో చూస్తారు? మీరు చేతికిచ్చిన క్షణంలో చూసేది లెక్కలోకి రాదు. అప్పుడు మీరు ఎదురుగానే ఉంటారు, అన్నీ నోటితోనే చెప్పేస్తారు. నాలుగు నెలల తర్వాత పని పడి, టెన్షన్‌లో వెతికి తీస్తారే, కార్డు తయారు కావాల్సింది ఆ మనిషి కోసం.

కనగల్ వైపు మోటార్ వైండింగ్ చేసే తమ్ముడొకరు పాత కార్డు పట్టుకొచ్చి, అలాంటివే ఇంకో వెయ్యి కావాలన్నాడు. పైన దేవుడి బొమ్మ, బంగారు రంగులో దుకాణం పేరు, దాని కింద ప్రొప్రైటర్ అని ఆయన పేరు, మూడు ఫోన్ నంబర్లు, అడుగున చీమల బారులా పనుల జాబితా. చత్వారం ఉన్నవాళ్లు ఆ నంబరు చదవాలంటే కార్డును వెలుతురులోకి తీసుకుపోవాలి.

మరి ఆయన గిరాకీ ఎవరు? బత్తాయి తోటల వాళ్లు, వరి వేసేవాళ్లు. మోటార్ కాలిన సంగతి తెల్లారగట్ల పొలం దగ్గర తెలుస్తుంది. ఆ సమయానికి అక్కడ ఉండేది ఆసామే కానక్కర్లేదు. జీతగాడో, ఆసామి భార్యో, ముసలి తండ్రో ఉంటారు. మెకానిక్ నంబరు సేవ్ అయి ఉన్నది ఆసామి ఫోన్లో, ఆయనేమో పిల్లల దగ్గరికి హైదరాబాద్ పోయి ఉంటాడు. "అందరి దగ్గరా సెల్‌ఫోన్ ఉంది, ఇంకా కార్డులెందుకు" అనేవాళ్లకు నా జవాబు ఇదే. ఫోన్లో నంబరు ఒక్క మనిషి వెంట తిరుగుతుంది, పొలంలో మోటార్ ఆన్ చేసే స్టార్టర్ డబ్బా మూతకున్న నంబరు అక్కడ ఎవరున్నా కనిపిస్తుంది.

కాబట్టి ఆయన కార్డు స్టార్టర్ డబ్బాలో పనికొచ్చేలా చేశాం. తెల్లటి కార్డు. పై వరసలో "బోరు మోటార్ వైండింగ్, రిపేరు" అని మాత్రమే. నడిమధ్య ఒకే ఒక్క నంబరు, నల్ల రంగులో, లావుగా, ఐదంకెలు, కాస్త సందు, మళ్లీ ఐదంకెలు. ఎండకు ఎరుపు, పసుపు రంగులు ముందుగా వెలిసిపోతాయి, నలుపు నిలుస్తుంది. కింద ఆయన పేరు, పక్కన ఊరి పేరు. ఆయన దుకాణం పేరు లక్ష్మీనరసింహ, ఆ పేరుతో మన జిల్లాలో ప్రతి సెంటర్లో ఒక దుకాణం ఉంటుంది కదా, అందుకే దుకాణం పేరును అన్నిటికన్నా అడుగుకు దించి, జనం ఆయన్ని పిలిచే పేరును దాని పైకి తెచ్చాం. దేవుణ్ణి తీసెయ్యమని నేనెవరికీ చెప్పను, మూలన చిన్నగా ఉంచాం. నంబరు జాగా మాత్రం స్వామికైనా ఇవ్వలేదు.

వెనకవైపు మూడు గీతలు: మోటార్ హెచ్‌పీ, వైండింగ్ తేదీ, మోటార్ దింపిన లోతు. పని అయ్యాక ఆయనే పెన్నుతో రాసి ఇస్తాడు. అలా రాసిన కార్డును రైతు పారెయ్యడు, మళ్లీసారి మోటార్ పైకి తీసినప్పుడు ఆ లెక్క కావాలి. ఇక్కడొక కిటుకుంది. లామినేషన్ చేసిన కాగితం మీద బాల్ పెన్ సరిగ్గా పడదు, పడ్డా చేత్తో తుడిస్తే పోతుంది. వెనక రాసుకునే జాగా కావాలంటే లామినేషన్ ముందువైపే చాలని, ఆర్డర్ ఇచ్చేటప్పుడే గట్టిగా చెప్పాలి. చెప్పకపోతే ప్రెస్ వాళ్లు అలవాటుగా రెండువైపులా చేసేస్తారు.

డిజైన్ చూసి ఆయన అన్నమాట: "జాగ శానా ఖాళీగ ఉన్నది గదక్కా, ఇంకేమన్న ఎయ్యరాదు?" అందరూ అడిగేదే. డబ్బులిచ్చిన కాగితం కదా, ఖాళీగా వదిలితే నష్టపోయినట్టుంటుంది. ఆ ఖాళీ వల్లే నంబరు కనిపిస్తోందని ఒప్పించడానికి పాత కార్డు, కొత్త కార్డు పక్కపక్కన పెట్టి, కళ్లద్దాలు తీసి చూడమంటాను. మాటలతో వాదించడం కంటే అది నయం.

అదే డిజైన్‌తో కొన్ని వినైల్ స్టిక్కర్లు కూడా వేయించుకోమన్నాను. రిపేరు అయ్యాక కరెంటు బంద్ చేసి, మూత లోపలివైపు, వైర్లకు దూరంగా ఆయనే అంటించి వస్తాడు.

ఇక ప్రెస్ సంగతులు. మన దగ్గర ఎక్కువగా నడిచే సైజు మూడున్నర అంగుళాల వెడల్పు, రెండంగుళాల ఎత్తు. పర్సులో పట్టాలంటే అదే వేయించండి, గుండ్రం, ఆకు ఆకారం లాంటి వేషాలు వద్దు. కాగితం మందం 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు ఇన్ని గ్రాముల బరువని లెక్క) ఉంటే వంగదు. రంగు అంచుదాకా పోవాలంటే నాలుగువైపులా 3 మిల్లీమీటర్ల బ్లీడ్, అంటే కోతలో పోయే అదనపు రంగు, వదలాలి, అక్షరాలేమో అంచుకు కనీసం 4 మిల్లీమీటర్లు లోపల ఉండాలి. కటింగ్ మిషను మీద కట్ట కట్టగా కోస్తారు, కొంచెం అటూ ఇటూ జరగడం మామూలే.

తెలుగు అక్షరాల విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. ఇంగ్లిష్ 7 పాయింట్ల (అక్షరం సైజు కొలత) లో వేసినా చదవగలం. తెలుగుకు పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి కాబట్టి 9 పాయింట్లకు తగ్గితే ఇంకుతో పూడుకుపోతాయి. ముదురు రంగు మీద తెల్ల అక్షరాలైతే ఇంకా పెద్దగా, లావుగా ఉండాలి. చిన్న అక్షరాలకు నలుపు ఒక్క రంగే వాడమనండి. నాలుగు రంగులు కలిపిన నలుపైతే, ప్రింటింగ్ ప్లేటు వెంట్రుకంత జరిగినా అక్షరం చుట్టూ నీడ పడుతుంది. అను అనే తెలుగు ఫాంట్లతో చేసిన ఫైలును వేరే ఊరి ప్రెస్‌కు పంపేటప్పుడు అక్షరాలను కర్వ్స్‌లోకి, అంటే బొమ్మ గీతల్లోకి, మార్చి పంపాలి, లేకపోతే ఆ ఫాంట్లు లేని కంప్యూటర్లో పిచ్చిగీతలే కనిపిస్తాయి.

ఫోన్లో కాన్వా అనే డిజైన్ యాప్ మీద తయారుచేసి తెచ్చేవాళ్లు ఇప్పుడు ఎక్కువయ్యారు. తప్పేం లేదు. కాకపోతే స్క్రీన్ మీద మెరిసే నీలం, చిలకపచ్చ రంగులు కాగితం మీద డల్ అవుతాయి. లోగోను వాట్సాప్‌లో ఫొటోలాగా పంపితే నాణ్యత పడిపోతుంది, డాక్యుమెంట్‌లాగా పంపండి.

ఏ భాషలో వేయించాలన్నది గిరాకీని బట్టి. మెకానిక్‌కు తెలుగు ఒక్కటే చాలు. గద్వాల నుంచి కర్ణాటకలోని రాయచూరు ఎంతో దూరం లేదు, నారాయణపేట కూడా కర్ణాటక సరిహద్దే. అక్కడి చీరల వ్యాపారికి ఒకవైపు తెలుగు, ఇంకోవైపు ఇంగ్లిష్ తప్పదు, కన్నడ గిరాకీ ఎక్కువుంటే కన్నడ కూడా. పుట్టపాక నుంచి తేలియా రుమాలు (అక్కడి చేనేత బట్ట) ఎగ్జిబిషన్లకు తీసుకుపోయే నేతవాళ్లకైతే నేను చెప్పేది వేరు. తేలియా రుమాలుకు 2020లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతపు సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు, వచ్చింది. అయితే ఆ గుర్తును అధీకృత వినియోగదారుగా నమోదైనవాళ్లే వాడాలి, ఊరు అదే కదా అని కార్డు మీద వేసుకోకూడదు. లోగో లేకపోయినా "పుట్టపాక, సొంత మగ్గం" అన్న రెండు మాటలు వెయ్యండి. ఢిల్లీలో కొన్నావిడ ఇంటికెళ్లాక గుర్తుపట్టేది వాటితోనే.

అడ్రసులో జిల్లా పేరు గురించి చాలామంది అడుగుతారు. 2016 దసరా నాడు సూర్యాపేట, యాదాద్రి భువనగిరి మన జిల్లా నుంచి విడిపోయాయి. అటు మహబూబ్‌నగర్ నుంచి వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల పోయాయి, 2019లో నారాయణపేట కూడా. పాత జిల్లా పేరున్న కార్డులు మిగిలి ఉంటే దానికోసం పారెయ్యకండి, అయిపోయాక మార్చుకోండి. కార్డుకు ముఖ్యం గుర్తు: ఏ రోడ్డు, ఏ గుడి లేదా బ్యాంకు ఎదురుగా. డోర్ నంబరు పట్టుకుని దుకాణం వెతికేవాళ్లను నేనైతే చూడలేదు.

క్యూఆర్ కోడ్ పెడితే కనీసం 2 సెంటీమీటర్లు ఉండాలి, చుట్టూ తెల్లజాగా వదలాలి, కింద అదేమిటో రాయాలి: "లొకేషన్" అనో "వాట్సాప్" అనో. రాయకపోతే డబ్బులు కట్టే కోడ్ అనుకుంటారు. యూపీఐ కోడ్‌ను కార్డు మీద వెయ్యొద్దంటాను. బ్యాంకు మారితే కోడ్ మారుతుంది, కార్డులన్నీ దండగ. జీఎస్టీ నంబరు 15 అక్షరాలుంటుంది, మన రాష్ట్రానివి 36తో మొదలవుతాయి. సరుకు వ్యాపారులకే అమ్మేవాళ్లు వెనకవైపు వేసుకుంటే బిల్లింగ్‌కు పనికొస్తుంది, మిగతావాళ్లకు అనవసరం.

ప్రూఫ్‌ను కంప్యూటర్ స్క్రీన్ మీద చూసి ఓకే చెప్పకండి. అసలు సైజులో కాగితం మీద తీయించి, చేయి చాచి పట్టుకుని చూడండి. దాని మీదున్న నంబరు చూసి అక్కడే డయల్ చేయండి, మీ జేబులో ఫోన్ మోగాలి. క్యూఆర్ కోడ్‌ను కూడా పాత ఫోనుతో స్కాన్ చేసి చూడండి.

ముహూర్తాలు జోరుగా ఉన్నప్పుడు రాకండి, పెళ్లి పత్రికల హడావిడిలో మీ కార్డును ఎవరూ శ్రద్ధగా చూడరు. ఎన్నికలప్పుడైతే అసలే కుదరదు. మూఢంలో రండి, ప్రెస్ ఖాళీగా ఉంటుంది, బేరం కూడా కుదురుతుంది. ప్లేట్లు చేసి అచ్చేసే ఆఫ్‌సెట్‌లో వెయ్యి వేయిస్తే ఒక్కోటి రూపాయికి అటూ ఇటూగా పడుతుంది. కొత్త దుకాణమైతే ముందు ప్లేట్లు లేని డిజిటల్ ప్రింటులో వంద తీయించుకోండి. కార్డు రేటు ఎక్కువ పడినా, అడ్రసో నంబరో మారితే పోయేది వందే.

పంచడం గురించి కూడా చెప్పాలి. పెళ్లిలో, మీటింగులో వరసగా చేతుల్లో పెట్టినవి అక్కడే కుర్చీల కింద ఉంటాయి. పని పూర్తయి, డబ్బులు తీసుకునేటప్పుడు రెండు ఇవ్వండి, ఒకటి వాళ్లకు, ఒకటి పక్క పొలం వాళ్లకు. పంపుసెట్ల సామాన్లు అమ్మే దుకాణం యజమాని దగ్గర ఓ పది ఉంచండి. మంచి మెకానిక్ ఎవరని రైతులు అడిగేది ఆయన్నే. యాసంగి నాట్లకు ముందు ఒకసారి, ఎండలు ముదరకముందు ఇంకోసారి అటువైపు పోయి, అయిపోయుంటే మళ్లీ పెట్టి రావాలి.

కార్డులు తీసుకునే రోజే డిజైనర్ దగ్గర ఫైలు అడగండి: మార్పులు చేసుకోవడానికి కోరెల్ డ్రా ఫైలు ఒకటి, ప్రింటుకు పీడీఎఫ్ ఒకటి. రెండూ మీ సొంత ఈమెయిల్‌కు పంపించుకోండి, సబ్జెక్టులో తేదీ వేయించండి. ఇవ్వనంటే డిజైన్ చార్జీ వేరుగా ఎంతో మాట్లాడుకుని అయినా తీసుకోండి.