టీకా ఖర్చు బీమా కంపెనీ చేత కట్టించుకోవడం ఎలా?

అమెరికాలో 2010లో వచ్చిన ఆరోగ్య చట్టం ప్రకారం, అక్కడి నిపుణుల కమిటీ సిఫారసు చేసిన టీకాలకు చాలా బీమా పాలసీలు పూర్తి డబ్బు కట్టాల్సిందే. నెట్‌వర్క్ ఆసుపత్రిలో వేయించుకుంటే మనిషి దగ్గర రూపాయి కూడా తీసుకోకూడదు. మన దేశంలో బీమా కంపెనీల మీద అలాంటి నిబంధన లేదు. ఉండి తీరాలి. జబ్బు వచ్చాక లక్షలు కట్టే కంపెనీ, రాకుండా ఆపే సూదికి కట్టనంటే ఎవరికి లాభం? ఆ నిబంధన వచ్చేదాకా మాత్రం మన పాలసీలో ఏం రాసుందో అదే మనకు చట్టం. విశాఖలో ఉన్న కుటుంబం వరుసగా చేసుకోవాల్సిన పనులివి.

1. ఊరికే దొరికేదాన్ని కొనకండి

బీసీజీ, పోలియో, హెపటైటిస్-బి, పెంటావాలెంట్, రోటా, న్యుమోకోకల్, ఎంఆర్ (తట్టు, రుబెల్లా), డీపీటీ బూస్టర్లు, 10, 16 ఏళ్లకు వేసే టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా), ఇవన్నీ ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. గాజువాకలో ఉన్నా మధురవాడలో ఉన్నా మీ వార్డు ఏఎన్‌ఎంని అడిగితే ఎక్కడ, ఎప్పుడు వేస్తారో చెబుతారు. మన రాష్ట్రంలో మామూలుగా బుధ, శనివారాలు టీకాల రోజులు. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డుతో దీనికి పనిలేదు. ప్రైవేటులో ఇచ్చే 'నొప్పిలేని' రకం డీపీటీ టీకాతో జ్వరం తక్కువగా వస్తుంది, నిజమే. కానీ రక్షణ విషయంలో ప్రభుత్వం వేసేది తీసిపోదు.

ఫ్లూ, టైఫాయిడ్, చికెన్‌పాక్స్, హెపటైటిస్-ఎ లాంటివి ఈ ఉచిత జాబితాలో లేవు. పెద్దవాళ్లకు డాక్టరు రాసే న్యుమోకోకల్, ఫ్లూ టీకాలకూ జేబులోంచే పెట్టాలి. బీమాతో పని పడేది ఇక్కడే.

2. పాలసీలో మూడు చోట్ల వెతకండి

పాలసీతో పాటు ఇచ్చే కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్ (పాలసీ ముఖ్యాంశాల పత్రం) తీయండి. తెలుగులో కావాలని అడగొచ్చు. ముందు మినహాయింపుల్లో 'వ్యాక్సినేషన్', 'ఇనాక్యులేషన్' అనే మాటలు చూడండి. 'జంతువు కరిచిన తర్వాత వేసేవి తప్ప టీకాలకు చెల్లించం' అనే తరహా వాక్యం చాలా పాలసీల్లో ఉంటుంది. తర్వాత ఓపీడీ కవర్ (ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే వైద్యానికి ఇచ్చేది) ఉందా, అందులో టీకా పేరెత్తారా చూడండి. చివరగా ప్రసూతి కవర్. కొన్ని పాలసీలు పుట్టిన బిడ్డకు మొదటి ఏడాది టీకాల ఖర్చు కొంత పరిమితి దాకా ఇస్తాయి. అయితే ప్రసూతి కవర్‌కు వెయిటింగ్ పీరియడ్ (పాలసీ కొన్నాక ఆగాల్సిన కాలం) ఉంటుంది కాబట్టి గర్భం వచ్చాక కొంటే ఆ కాన్పుకు అక్కరకు రాదు.

కొత్త పాలసీలో కావలసింది లేదని తేలితే, చేతికందిన 30 రోజుల్లోపు వెనక్కి ఇచ్చేయొచ్చు.

3. సూది వేయించుకునే ముందే మెయిల్ పెట్టండి

ఫోన్‌లో 'వస్తుంది సార్' అన్న మాట క్లెయిమ్ రోజున పనికిరాదు. పాలసీ నంబరు, టీకా పేరు, ఎవరికి, ఎన్ని డోసులు, ఏ క్లాజు కింద అడుగుతున్నారో రాసి, ఎంత చెల్లిస్తారో రాతపూర్వకంగా చెప్పమనండి.

4. బిల్లు సరిగ్గా రాయించుకోండి

ఎక్కువ క్లెయిములు ఇక్కడే దెబ్బతింటాయి. 'ఇంజెక్షన్ చార్జీలు' అని ఒక్క ముక్కలో రాసిన బిల్లు చెల్లదంటారు. టీకా పేరు, బ్యాచ్ నంబరు, తేదీ, ధర విడిగా ఉండాలి. డాక్టరు చీటీ, టీకా కార్డు నకలు, డబ్బు కట్టిన రుజువు జత చేయండి. పసిబిడ్డ పేరు పాలసీలో చేర్పించకపోతే ఎంత చక్కటి బిల్లయినా తిరిగొస్తుంది. క్లెయిమ్ గడువు ఎన్ని రోజులో పాలసీలోనే ఉంటుంది. నెలాఖరుకు చూద్దాంలే అనుకోవద్దు.

5. కుక్క కరిస్తే వరుస వేరు

ముందు ప్రాణం, తర్వాతే పాలసీ. పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసరు ఏదీ పెట్టకూడదు. కేజీహెచ్ లాంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లో టీకా ఉచితం. చర్మంలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజులు, కండకు వేస్తే 0, 3, 7, 14, 28 రోజులు. చర్మం చీలి రక్తం వస్తే తొలిరోజే గాయంలోకి ఇమ్యునోగ్లోబులిన్ (వెంటనే రక్షణనిచ్చే యాంటీబాడీల మందు) కూడా పడాలి. ప్రైవేటులో వేయించుకుంటే ఈ ఇమ్యునోగ్లోబులిన్ ఖర్చే బరువు. దాని బిల్లు విడిగా తీసుకోండి. కరిచిన తేదీ, గాయం తీవ్రత ఓపీ చీటీలో రాయించండి, మినహాయింపులోని 'తప్ప' అన్న మాటకు అదే ఆధారం. కొన్ని పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే ఇస్తాయి, అదీ చూసుకోండి. అనుమతి వచ్చేదాకా మాత్రం ఒక్క డోసూ ఆపొద్దు.

6. కాదంటే

కారణం రాతలో తీసుకోండి. ముందు కంపెనీ గ్రీవెన్స్ అధికారికి, ఆపై బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో గానీ 155255 నంబరుకు గానీ ఫిర్యాదు చేయండి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు (బీమా తగాదాలు తేల్చే అధికారికి) రాయండి. ఆంధ్రప్రదేశ్ ఆ కార్యాలయం పరిధిలోదే. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. తుది జవాబు వచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి. క్లాజులో స్పష్టంగా మినహాయించిన టీకాకు మాత్రం అక్కడా డబ్బు రాదు.

7. ఉద్యోగులైతే గుంపుగా అడగండి

రుషికొండ ఐటీ కంపెనీల్లోనో పరవాడ ఫార్మా యూనిట్లలోనో గ్రూప్ పాలసీ ఉన్నవాళ్లకు ఒక వీలుంది. ఆ పాలసీ షరతులు యాజమాన్యం బేరమాడి మార్పించుకోవచ్చు. రెన్యువల్‌కు రెండు మూడు నెలల ముందే, సంతకాలతో, ఏ టీకాలు, ఏటా మనిషికి ఎంత పరిమితి కావాలో హెచ్‌ఆర్‌కు రాసివ్వండి. రెన్యువల్ అయ్యాక అడిగితే మళ్లీ ఏడాది ఆగాలి.